ఒకటిన్నర ఎదురు గోళ్లు

ఎదురుకోళ్లకు నిక్కరు వేసుకుని పోయిన పెళ్లికొడుకును మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. లోకంలో అటువంటివాడు ఒక్కడే పుట్టాడు, వాడు నేనే. నాతోపాటు ఇంకో పన్నెండు మంది నిక్కర్లవాళ్లు కూడా ఉన్నారు గానీ, వాళ్లు పాపం పెళ్లికొడుకులు కారు, నన్ను నమ్మి వచ్చినవాళ్లు. ఆ రోజు నకిరేకల్ బస్టాండులో జరిగిన భాగోతం తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు అందరూ నవ్వారు. బస్సు డ్రైవరయితే కిందికి దిగివచ్చి మరీ నవ్వాడు.

మా దిక్కువాళ్లు కానివారి కోసం ముందుగా ఒక మాట. మా దగ్గర పెళ్లికొడుకువాళ్లు ఊళ్లోకి రాగానే పెళ్లికూతురివాళ్లు మేళతాళాలతో ఎదురుపోతారు. పన్నీరు చల్లి, దండలు వేసి, షర్బతు ఇచ్చి, వేళాకోళాలాడుతూ ఇంటికి తోలుకొనిపోతారు. దాన్ని ఎదురుకోళ్లు అంటారు. పేరులో కోళ్లున్నాయి గానీ పనిలో కోళ్లేమీ ఉండవు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి చాలు, మిగతా సర్వనాశనం నేను చెబుతాను.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలవి. మాది నల్లగొండ పక్కన పానగల్. బాపు మగ్గం నేసేవాడు. నేసిన బట్టలు మూటకట్టి సైకిల్ మీద నల్లగొండ దుకాణాలకు వేసివచ్చేవాడు. నేను హైదరాబాదులో ఇంటర్ చదువుతున్నాను. మా వాడకట్టులో అంతదూరం పోయిన మొదటివాణ్ణి కనుక నాకు తలమీద కొమ్ములు మొలిచాయి. అద్దంలో నాకొక్కడికే కనబడేవి. ఊళ్లోవాళ్లకు కనబడకపోతే మాటల్లో చూపించేవాణ్ణి.

ఆ ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడే బాపు నన్ను నకిరేకల్ తీసుకుపోయి పిల్లను చూపించాడు. నూలు దుకాణం శంకరయ్య బిడ్డ, పేరు సుశీల. ఆమె ఇత్తడి గ్లాసులో మంచినీళ్లు తెచ్చి నా చేతికిస్తూ, ఎవరికీ వినబడకుండా ఒక మాట అన్నది.

"గ్లాసు గట్టిగ పట్టుకోండ్రి, వణుకుతాంది."

గ్లాసు వణకడమేమిటి! వణుకుతున్నది నేను. అంతే, ఆ క్షణంలోనే నా పని అయిపోయింది. తిరుగు బస్సులో బాపు అడిగాడు.

"ఏంరా సాయిలూ, పిల్ల నచ్చిందా?"

నచ్చిందని చెబితే అయిపోయేది. మీకు ఈ కథ చదివే శ్రమ తప్పేది. కానీ చదువుకున్నవాడు అడగ్గానే నచ్చిందంటే చవకైపోతాడని నా కొమ్ములు చెప్పాయి. "ఆలోచించి చెప్త" అన్నాను.

బాపు ఆ మాటను ఉన్నదున్నట్టు శంకరయ్య మామ చెవిన వేశాడు. "ఆలోచించనీయ్ బావా, మాకేం తొందర" అన్నాడట ఆయన. ఆ తర్వాత అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేను నచ్చిందని చెబుదామనుకున్నప్పుడల్లా బాపు మగ్గం గుంటలో ఉండేవాడు, లేకపోతే నేనే వీధిలోకి జారుకునేవాణ్ణి. ఇంతలో సూర్యాపేటవాళ్లెవరో సుశీలను చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. నాకు అన్నం సయించలేదు. ఎట్లాగైనా నకిరేకల్ పోవాలి, సుశీలను చూడాలి, శంకరయ్య మామ దగ్గర నా తెలివి చూపించాలి. ఊరికే పోతే బాగుండదు. దానికొక సాకు కావాలి.

సాకు దొరికింది. శంకరయ్య మామకు దుకాణం తర్వాత ప్రాణం ఫుట్‌బాల్. నకిరేకల్ జట్టుకు బంతి కొనేది ఆయనే, ఆటయ్యాక చాయ తాగించేదీ ఆయనే. మా పానగల్ జట్టు వాళ్లతో అంతకుముందు రెండుసార్లు ఆడి, రెండుసార్లూ ఒక్క గోలు తేడాతో ఓడింది. మూడోసారి వాళ్ల ఊరికే పోయి మళ్లీ ఓడివస్తే నా తెలివి ఎట్లా కనబడుతుంది? అందుకే హైదరాబాదులో నేర్చుకున్న విద్యను బయటికి తీశాను.

ఆ విద్య పేరు హ్యాండికాప్. నా గదిలో ఉండే ఇక్బాల్ నేర్పాడు. వాడు ఫుట్‌బాల్ ఆట ఎక్కడుంటే అక్కడ ఉండేవాడు, పందెం ఎక్కడుంటే అక్కడ ముందే ఉండేవాడు. పులికీ పిల్లికీ ఆట పెడితే పిల్లి మీద ఎవడూ పందెం కాయడు కదా. అప్పుడు పందెం ఎట్లా నడుస్తుంది? పిల్లికి ముందే రెండో మూడో గోళ్లు లెక్కలో ఇచ్చేస్తారు. ఆట అయ్యాక పిల్లి కొట్టినవాటికి అవి కలిపి చూస్తారు. పులి మూడు గోళ్లతో గెలిచినా, పిల్లికి మూడున్నర ఇచ్చి ఉంటే పందెం పిల్లిదే. పిల్లి మీద కాసేవాళ్లు ఎక్కువైతే ఇచ్చే గోళ్లు తగ్గిస్తారు, పులి మీద కాసేవాళ్లు ఎక్కువైతే పెంచుతారు. కూరగాయల బేరం లాంటిదే. ఇది నాకు అర్థం కావడానికి నేనే నాలుగు చాయలు తాగాల్సి వచ్చింది. వాడు తాగినవి వేరే.

మా జట్టు కెప్టెన్ నర్సింహ అన్న. మనిషి తలుపంత ఉంటాడు. బూట్లు లేకుండా బంతిని తంతే బంతే కుంటుతుంది. మగ్గం మీద ఉండగానే పోయి ఆయనకు నా విద్య చెప్పాను.

"ముందే ఇచ్చుడేంది తమ్మీ, బయానానా?" అన్నాడు.

"బయానా అనుకో అన్నా. మనం ఆడకముందే మన లెక్కల ఒకటిన్నర గోలు ఉంటది. వాళ్లు ఎప్పటి లెక్క ఒక్క గోలుతోని గెలిస్తే, ఆట వాళ్లది, పందెం మనది."

"అంటే ఓడిపోయి గెలుస్తమా?"

"గదే గద ఇకమతు!"

నర్సింహ అన్న పడుగులో అటూ ఇటూ ఆడించే నాడెను పక్కన పెట్టాడు. "గీ చదువు నాకు ముందుగాల దొరుకుతే ఎన్ని గెలుస్తుంటి తమ్మీ" అన్నాడు. తర్వాత ఆయనకు అనుమానమొచ్చింది.

"అగో, ఒకటిన్నర అంటివి. గా అర గోలు ఎవలు కొట్టాలె?"

"ఎవరూ కొట్టరు."

"బంతి సగం గీత దాటితే అరనా?"

"కాదన్నా. రెండు దిక్కుల లెక్క సమానమైతే కొట్లాట గద. అర ఉంటే ఎన్నటికీ సమానం గాదు. కొట్లాట రాకుండ పెట్టిన అర అది."

"మా అన్నదమ్ములు జాగా పంచుకున్ననాడు నువ్వు ఏడున్నవ్ర!" అని ఆయన నా వీపు మీద ఒకటి చరిచాడు. అది మెచ్చుకోలు. రెండు రోజులు నొప్పి పెట్టింది.

ఇక పేరు దగ్గర వచ్చింది తంటా. హ్యాండికాప్ అన్న మాట మావాళ్ల నోట తిరగలేదు. "హండి కాపు" అన్నాడొకడు. "హండికి కాపలా ఉండుడా? లోపట ఏం వండుతాండ్రు?" అన్నాడు ఇంకొకడు. అప్పుడు నేను, మీ సాయిలును, ఇంటర్ చదివిన పండితుణ్ణి, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని దానికి తెలుగు కనిపెట్టాను. ఎదుటి జట్టు మనకు ఎదురిచ్చే గోళ్లు కనుక, ఎదురు గోళ్లు.

అందరూ భేష్ అన్నారు. నేనూ నన్ను భేష్ అనుకున్నాను. కొంప మునిగింది సరిగ్గా అక్కడే.

వారం తిరిగేసరికి ఊరంతా ఎదురు గోళ్ల పిచ్చి పట్టింది. బువ్వ తినే పందెంలో నర్సింహ అన్న బక్కవాళ్లకు ఒకటిన్నర ముద్ద ఎదురిచ్చాడు. ఎవరి మగ్గం మీద బట్ట ముందు పూర్తవుతుందో అని పందేలు కాసి, ముసలివాళ్లకు రెండున్నర మూర్లు ఎదురిచ్చారు. నేను వీధిలో నడుస్తుంటే "పంతులూ, నాకెంత ఎదురు?" అని అడిగేవాళ్లు. నా కొమ్ములు ఇంకో జానెడు పెరిగాయి.

పందేనికి ఏం పెట్టాలన్నది ప్రశ్న. శంకరయ్య మామ లాంటివాడితో బీడీకట్టల పందెమేం బాగుంటుంది? సైకిల్ పెడదామన్నాను. వాళ్లొక సైకిల్, మేమొక సైకిల్. మా జట్టు మొత్తంలో సైకిల్ ఉన్న ఇల్లు మాదొక్కటే. బాపు సైకిల్‌కు బ్రేకులు లేవు. ఆపాలంటే ఆయన కుడికాలు నేలకు రాసేవాడు. అందుకని మా ఇంట్లో కుడికాలి చెప్పు ఎప్పుడూ అరిగిపోయి ఉండేది. పందెం గెలిస్తే బాపుకు కొత్త సైకిల్ వస్తుంది, ఓడే మాటే లేదు, ఎందుకంటే ఒకటిన్నర ఉంది. ఇదీ నా లెక్క.

కబురు ఎవరితో పంపాలి? గాజుల బాలవ్వ ఉంది. వారం వారం నకిరేకల్ అంగడికి గాజుల మలారం మోసుకుని పోతుంది. ఇంటింటికీ తిరిగే మనిషి కనుక సంబంధాలు కూడా కుదురుస్తుంది. ఆమె నోట్లో తమలపాకు లేని క్షణం ఉండేది కాదు, ఆమె చెవులు అప్పటికే కొంచెం మందగించాయి. ఫుట్‌బాల్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు, పెళ్లిళ్ల గురించి తెలియనిది లేదు. ఇంతకంటే మంచి మనిషి నాకు దొరకలేదు, చూడండి!

"అవ్వా, నకిరేకల్ల శంకరయ్య మామకు ఒక మాట చెప్పాలె. ఐతారం మనోళ్లందరం వస్తం. గా దినమే తేల్చుకుందం అని సాయిలు అన్నడని చెప్పు."

ఆమె మొహం వెలిగిపోయింది. "ఐతారమే తేల్చుకుంటరా కొడుకా? మంచిమాట. నానవెట్టుడు మంచిది గాదు."

"గని ఊకెనే రాం. ఎదురు గోళ్లు ఇయ్యాలె. ఇస్తెనే వస్తం."

"ఎదురుకోళ్లా? ఇయ్యక ఏంజేస్తరు బిడ్డా, ఇస్తరు."

"రెండు అడుగు అవ్వా. రెండు ఇయ్యకుంటే ఒకటిన్నర. గంతకు తగ్గొద్దు."

బాలవ్వ దవడ ఆడించడం మానేసింది. "రెండెందుకు బిడ్డా?"

"వాళ్లు బలమున్నోళ్లు, మనం బలం లేనోళ్లం. గందుకు."

"నిజమే తియ్యి" అని ఆమె తనలో తాను లెక్క వేసుకుంది. "బస్టాండు కాడ ఒకటి, ఇంటి ముంగట ఒకటి... ఒకటిన్నరంటే, ఇంటి ముంగట మేళం లేకుండ..."

ఆ గొణుగుడు నేను వినిపించుకుంటే కదా! "గా అర మీదనే అంతా ఉంది అవ్వా, మర్వకు. ఇంగ సైకిల్ పందెం అని చెప్పు."

"సైకిల్ అందామా? సరె సరె, సైకిల్ గూడ చెప్త. మీ బాపుకు ఎరుకేనా?"

"బాపుకు సైకిల్ సంగతి అసలే చెప్పకు!"

"సిగ్గా?" అని నవ్వి, నా బుగ్గ గిల్లి, మలారం నెత్తికెత్తుకుంది.

మూడోనాడు జవాబు తెచ్చింది. "శంకరయ్య ఎంత సంబురపడ్డడో కొడుకా! పిలగాడు ఇన్ని దినాలకు నోరు తెరిచిండు, ఏదడిగితే అదిస్త అన్నడు. ఎదురుకోళ్లు వాడకట్టంత సూసేటట్టు ఇస్తడంట. సైకిల్ కొత్తది తెప్పిచ్చిండు."

ఇంత మర్యాదగా పందెం ఒప్పుకున్నవాణ్ణి నేను హైదరాబాదులో కూడా చూడలేదు. కళ్లు చెమర్చాయి.

"తొమ్మిదింటికి మొదలు పెడదామను అవ్వా."

"తొమ్మిదింటికి వర్జ్యం ఉన్నదంట. పదిన్నరకు పెట్టుకుందమన్నడు."

నకిరేకల్‌వాళ్లు ఆటకు కూడా వర్జ్యం చూస్తారన్న మాట! వీళ్లు గెలవడంలో వింతేముందని నర్సింహ అన్న వాపోయాడు. ఎంతమంది వస్తారని బాలవ్వ అడిగితే, ఆడేవాళ్లు పదకొండు, పైన ఇద్దరు అన్నాను. "ఆడోళ్లు పదకొండు, మొగోళ్లు ఇద్దరేనా?" అన్నది. నేను అప్పటికే వెళ్లిపోతున్నాను.

ఆదివారం పొద్దున బాపు వీధిలో పడుగు పట్టడానికి పోయిన సమయం చూసి సైకిల్ లాగేశాం. బస్సు పైన కట్టేశాం. పదమూడు మందిమి, పదమూడు నిక్కర్లు. నర్సింహ అన్న నిక్కరు వాళ్ల తమ్ముడిది కావడం వల్ల ఆయన దారంతా నిలబడే వచ్చాడు.

నకిరేకల్‌లో బస్సు ఆగిందో లేదో, సన్నాయి మొదలైంది. డోలు దద్దరిల్లింది. పట్టుచీరల్లో ఆడవాళ్లు హారతి పళ్లేలతో ముందుకొచ్చారు. ఎవరో మా మీద పన్నీరు చల్లారు. పెద్ద గంగాళం నిండా షర్బతు, పళ్లెం నిండా లడ్డూలు. మా గోల్‌కీపర్ మెడలో బంతిపూల దండ పడేసరికి వాడు భయపడి రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. వాడు ఆ రోజు పట్టుకున్నది అదొక్కటే.

"తమ్మీ, నకిరేకలోళ్లు గింత మర్యాదస్తులని ఎరుకలేకపాయె" అన్నాడు నర్సింహ అన్న, నాలుగో గ్లాసు షర్బతు ఎత్తుతూ.

అప్పుడు శంకరయ్య మామ పట్టు కండువా సవరించుకుంటూ, చేతులు చాపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. వచ్చినవాడు నా మోకాళ్లు చూసి ఆగిపోయాడు.

"ఏంది అల్లుడా, గీ అవతారం?"

"ఆటకు గిదే సౌలతు మామా."

"ఏ ఆట?"

"మన ఆటే మామా. మాట ప్రకారం మీరు ఎదురు గోళ్లు ఇస్తున్నరు గద."

"ఇస్తనే ఉన్న, కనవడ్తలేదా?" అని ఆయన మేళం వైపు చెయ్యి చూపించాడు.

నేను అటు చూశాను. సన్నాయి కనబడింది, డోలు కనబడింది, గోళ్లు ఎక్కడా కనబడలేదు. పక్కనే పసుపు కుంకుమ బొట్లు పెట్టిన కొత్త సైకిల్ ఉంది.

"సైకిల్ గూడ అగో" అన్నాడు మామ.

"మస్తుంది మామా. మాది గూడ తెచ్చినం." బస్సు పైనుంచి బాపు సైకిల్ దిగుతోంది.

"మీదెందుకు?"

"ఓడిపోతే మీకియ్యాలె గద."

"ఓడుడేంది? లగ్గంల ఓడుడు గెలుసుడు ఉంటదా?"

"లగ్గం ఎవలది మామా?"

సన్నాయి ఊదేవాడు ఊపిరి మధ్యలో ఆపేశాడు. డోలు ఒక్క దెబ్బ ఎక్కువ మోగి, తప్పు చేసినట్టు ఊరుకుంది.

"నీది పిలగా! ఇంకెవలది? ఖాయం చేసుకునేటందుకు వస్తున్నమని కబురు పంపితివి గద! మీ బాపు ఏడి? పెద్దమనుషులేరి?"

"బాపుకు చెప్పలే మామా."

"లగ్గం ఖాయం చేసుకునుడు బాపుకు చెప్పకుండనా!"

"చెప్తే సైకిల్ ఇయ్యడు" అన్నాను. ఆ క్షణంలో నాకు తోచిన నిజం అదొక్కటే.

ఆడవాళ్లలో కిసుక్కున మొదలైన నవ్వు బస్టాండంతా పాకింది. బాలవ్వ, కొత్త చీర కట్టుకుని, సంబంధం కుదిర్చిన గర్వంతో అందరికంటే ముందు నిలబడి ఉంది. నేను ఆమె మీద పడ్డాను.

"అవ్వా, నేనేం చెప్పిన?"

"ఎదురుకోళ్లు కావాలంటివి."

"ఎదురు గోళ్లు అవ్వా! గోళ్లు! బంతి! బంతి!"

"బంతిపూలు గూడ వెట్టిపిచ్చిన గద కొడుకా. మీ బాపుకు గూడ పొద్దుగాల్నే పడుగు కాడ చెప్పి వచ్చిన, లగ్గం సంగతి చెప్పకుంటే ఎట్ల? ఎనుక బస్సుల వస్తాండు. సైకిల్ ముచ్చట ఒక్కటే దాచిన, నీ మీద ఒట్టు."

బాపు వస్తున్నాడు! కానీ అంతకంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. శంకరయ్య మామ నవ్వలేదు. అందరూ నవ్వుతున్నారు, ఆయన ఒక్కడూ నవ్వలేదు. బంధువుల ఎదుట, వాడకట్టు ఎదుట ఆయన మొహం చిన్నబోయింది.

"అంటే నువ్వు నా బిడ్డ కోసం రాలే. బంతాట కోసం వచ్చినవ్."

కాదు మామా, నీ బిడ్డ కోసమే వచ్చిన అని చెప్పాలి. చుట్టూ అంతమంది, ఒంటి మీద నిక్కరు, మెడలో బంతిపూలు. ఆ మాట చెప్పే బదులు దండలోని పూలు తెంపుతూ నిలబడ్డాను. ఆయన మెడలోని కండువా తీసి చంకన పెట్టుకుని, "మేళపోళ్లను పంపియ్యుండ్రి" అన్నాడు. నా బతుకులో అంత సిగ్గూ అంత దుఃఖమూ ఒకేసారి ఎప్పుడూ రాలేదు. సూర్యాపేటవాళ్లు ఎట్లా ఉంటారో కూడా ఊహించేసుకున్నాను. వాళ్లకు ప్యాంటు ఉంటుంది.

"నాయినా, జర ఆగు."

ఆడవాళ్ల మధ్యనుంచి సుశీల ముందుకొచ్చింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. నవ్వి ఎర్రబడ్డాయో, ఇంకెందుకో నాకు తెలియలేదు. నన్ను చూడకుండా నన్నే అడిగింది.

"గా గోళ్లు ఎన్ని ఎదురు అడిగిండ్రు?"

"ఒకటిన్నర" అన్నాను, నేలకేసి చూస్తూ.

"ఇయ్యం. ఎదురుకోళ్లు ఇచ్చినం, షర్బతు తాగిండ్రు, లడ్లు తిన్నరు. మీ ఎదురు ముట్టింది. నాయినా, మేకను కోసి వండిస్తివి, గింత మంది బువ్వ పారేస్తమా? వాళ్లు ఆడి రాని, ఆకలన్న అయితది. తతిమ్మా మాట వాళ్ల బాపు వచ్చినంక పెద్దోళ్లు మాట్లాడుకుంటరు."

బంతాటంటే శంకరయ్య మామకు ఎంత కోపంలోనైనా కాళ్లు నిలవవు. కాసేపు మూలిగి, "పందెం మాత్రం పందెమే" అన్నాడు.

ఆట గురించి క్లుప్తంగా చెబుతాను, మీరు ఒత్తిడి చేయొద్దు. నా లెక్కలో ఒక చిన్న లోటు ఉంది. అంతకుముందు రెండు ఆటలూ మా పానగల్‌లో జరిగాయి. మా మైదానం నడుమ మనిషి ఎత్తు బండ ఒకటి ఉంది. దాన్ని ఏ పక్కనుంచి చుట్టాలో మాకు తెలుసు, నకిరేకల్‌వాళ్లు దానికి గుద్దుకునేవాళ్లు. మా జట్టులో అందరికంటే బాగా ఆడింది ఆ బండే. నకిరేకల్ మైదానమేమో అరచేయిలా చదునుగా ఉంది. పైగా మా కడుపుల్లో షర్బతు. నర్సింహ అన్న పరుగెత్తితే గంగాళం దొర్లినట్టు చప్పుడు వచ్చింది.

ఇంకో సంగతి. సుశీల చుట్టాలతో వచ్చి మా గోలు వెనకాల నిలబడింది. ఆమెకు నా ఆట చూపించాలని బంతి తీసుకుని, ఇద్దర్ని తప్పించి, ముగ్గుర్ని తప్పించి, అటే పరుగెత్తి, గట్టిగా తన్నాను. గోలు! చేతులు పైకెత్తి చూశాను. నకిరేకల్‌వాళ్లంతా చప్పట్లు కొడుతున్నారు. నేను తప్పించిన ముగ్గురూ మా జట్టువాళ్లే. ఎదురు గోళ్లు అడిగి తీసుకోవడానికి పోయినవాణ్ణి, ఒకటి నా చేతుల మీదుగా, అంటే కాళ్ల మీదుగా, ఇచ్చుకున్నాను. మొత్తం నాలుగు గోళ్లతో ఓడాం. ఆ ఒకటిన్నర ఇచ్చినా ఓడేవాళ్లమే.

మేం చెమటలు కక్కుతూ శంకరయ్య మామ ఇంటికి చేరేసరికి బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చలవ ధోతి, పక్కన ఇద్దరు పెద్దమనుషులు, ఒళ్లో కొబ్బరికాయ, పండ్లు. ఆయన కళ్లు మాత్రం వాకిట్లో ఉన్న సైకిల్ మీద ఉన్నాయి.

"గిది నా సైకిలే గద?"

"పొద్దుగాల దాక నీదే బావా" అన్నాడు శంకరయ్య మామ. "ఇప్పుడు నాది. నీ కొడుకు పందెంల ఓడిండు." తర్వాత జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

బాపు తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన నన్ను నిక్కరునుంచి మొహం దాకా, మొహంనుంచి నిక్కరు దాకా చూసి, బస్సులో అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగాడు.

"పిల్ల నచ్చిందారా?"

"నచ్చింది బాపు" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే లోపల వడ్డిస్తున్నవాళ్లు గరిటెలు ఆపారు. "చూసిననాడే నచ్చింది. ఇయ్యాల గూడ గందుకే వచ్చిన. బంతాట ఉత్తదే."

"మరి గా ఒక్క మాట గప్పుడే చెప్తే నీ సొమ్మేం పోతుండె?" అన్నాడు బాపు. "నా సైకిల్ నాకుంటుండె."

శంకరయ్య మామకు అప్పుడొచ్చింది నవ్వు. అది వచ్చిందంటే పోలేదు. కండువా నోట్లో కుక్కుకుని నవ్వాడు, అరుగు మీద కూలబడి నవ్వాడు. కళ్లు తుడుచుకుని తీర్పు చెప్పాడు.

"బావా, కొత్త సైకిల్ అల్లునికి ఇయ్య. నీకిస్త. మూటలు మోసేటోనివి నువ్వు. గీ పిలగానికి నేను గెల్సుకున్న పాతదిస్త, బ్రేకులు లేకుండనే తొక్కని. తెలివి జర నెమ్మదిగ నడుస్తది."

పెద్దమనుషులు సరే అన్నారు. బాలవ్వ తాంబూలం పళ్లెం ఎత్తబోయింది. అప్పుడు వాకిలి చాటునుంచి సుశీల గొంతు వినబడింది.

"నన్ను ఎవలన్న అడుగుతరా?"

బాలవ్వ పళ్లెం వదిలేసింది. నా గుండె మళ్లీ మైదానంలోకి దిగింది.

"నాకు ఇష్టమే" అన్నది. "గని ఒక్కటి. గాయన ఎవలకు ఏ కబురు పంపినా, ముందుగాల నాకు ఇనిపిచ్చి పంపాలె."

ఆ షరతుకు ఒప్పుకున్నాను. ఆ ఎండాకాలంలోనే పెళ్లయింది, ప్యాంటు వేసుకునే పోయాను.

కనుక పాఠకులారా, కుడికాలి చెప్పు అరగదీసుకుంటూ ఆ పాత సైకిల్‌ను ఏళ్ల తరబడి తొక్కినవాడిగా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పందెం కాయను. కాసినా ఎదురు అడగను. అడిగినా ఆ మాటకు తెలుగు కనిపెట్టను. కనిపెట్టినా గాజులమ్మేవాళ్లతో కబురు పంపను. ఇది పచ్చి నిజం, ఇందులో ఒక్క అక్షరం పొల్లు లేదు.

మాట ప్రకారం ఈ కథను మీకు పంపేముందు సుశీలకు చదివి వినిపించాను. అంతా బాగుందన్నది. ఒక్కచోట మాత్రం లెక్క తప్పిందట.

"నాలుగు గోళ్లు ఎక్కడియి? ఏడు. అందుల మూడు మీరే కొట్టిండ్రు."